తొమ్మిది గుర్తులు

జనవరి 9

అక్కా,

ఉద్యోగం వచ్చింది. రేడియోలో. గొంతు నాది కాదులే, కంగారుపడకు. చిన్నప్పుడు నేను పాడితే నువ్వు చెవుల్లో దూది పెట్టుకునేదానివి, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నేను రాస్తాను, ఒక పెద్దావిడ చదువుతుంది. ఆవిణ్ణి అందరూ పిన్నిగారంటారు. ఎంత ఆప్యాయమైన గొంతంటే, విన్నవాళ్లకి ఆకలేస్తుంది.

కార్యక్రమం పేరు ‘ఇల్లూ వాకిలీ’. పొద్దున పదకొండింటికి, అయిదు నిమిషాలు. ఇల్లు శుభ్రంగా ఎలా ఉంచుకోవాలి, ఎలుకలు రాకుండా ఏం చేయాలి, చెద ఎలా కనిపెట్టాలి, ఇలాంటివి. మా గదిలో మూడు బల్లలు, మధ్యది నాది. ఫ్యాను తిరిగినంతసేపూ టిక్కుటిక్కుమంటుంది. అద్దం అవతల ఎర్రబల్బు వెలిగితే ఎవరూ దగ్గకూడదు. అది వెలగ్గానే అందరికీ దగ్గొస్తుంది.

చిక్కేమిటంటే, ఆరు కార్యక్రమాలు రాసేసరికి ఇంటిపని గురించి నాకు తెలిసిందంతా అయిపోయింది. నీ మరదల్ని అడిగితే, “పెళ్లయిన మూడేళ్లకి చీపురు ఎక్కడుంటుందని అడుగుతున్నారా?” అంది. తనకిప్పుడు ఏడో నెల, రెండోసారి అడగాలంటే భయం. మూడు నెలలు పని చూసి, బాగుంటేనే పర్మనెంటు చేస్తారట. అందుకని నీ పుస్తకం గుర్తొచ్చింది. వాన ఎప్పుడు పడింది, డబ్బాలు ఎప్పుడు తోమావు, ఇంటికి ఎవరు ఎన్నింటికి వచ్చారు, అన్నీ ఇరవై ఏళ్లుగా రాస్తున్నావు కదా. అందులోంచి నాకు పనికొచ్చేవి పంపు. చిట్కాలే కానక్కర్లేదు, చుట్టుపక్కల సంగతులేవైనా సరే. ఉన్నదున్నట్టు రాయి. మెరుగు నేను పెట్టుకుంటాను.

బావ నడుంనొప్పి తగ్గిందా?

నీ తమ్ముడు


జనవరి 17

తమ్ముడికి,

నీ ఉత్తరం పదమూడో తేదీ మధ్యాహ్నం అందింది. సంతోషం. చదివి వినిపిస్తే, “వాడి దస్తూరీ చదవడానికే రేడియోవాళ్లు ఇంకో మనిషిని పెట్టుకోవాలి” అన్నారు మీ బావ. నడుం ఫరవాలేదు. వీధి తలుపు తేమకి ఉబ్బి బిగుసుకుపోయింది, గట్టిగా లాగితే నడుం మళ్లీ పట్టేస్తుందని నెల రోజులుగా వెనక గుమ్మంలోంచే వచ్చిపోతున్నారు. వడ్రంగి రేపు రేపంటున్నాడు.

నువ్వడిగినవి. పప్పు సంగతి ముందు. పురుగు పట్టినది ఒక్క గుప్పెడు మంచిదాంట్లో కలిస్తే డబ్బా మొత్తం పోతుంది. ఏరుతూ కూర్చుంటే లాభం లేదు, గుడ్లు కంటికి కనపడవు. ఆ గుప్పెడూ బయట పారేసి, డబ్బా సలసల కాగే నీళ్లతో కడగాలి. చెదకి గోడని వేలి కణుపుతో కొట్టి చూడాలి. డొల్ల మోత వస్తే లోపల ఉన్నట్టే. డబ్బాల మీద నేను పేర్లు రాయను, అంకెలు వేస్తాను, ఏ అంకె దేనిదో పుస్తకంలో ఉంటుంది. పేరు రాసిన చీటీ అయితే లోపలి సరుకు మారినప్పుడల్లా గీకాలి.

చుట్టుపక్కల సంగతులంటే, వెనక వాటాలో రెండేళ్లుగా ఒక టైలరమ్మ అద్దెకుంటోంది. తను, తల్లి, ఏడేళ్ల కూతురు. పిల్ల ఒక్కచోట నిలవదు, అందుకని బొంగరం అంటాం. వాళ్లు ఏటవతలివాళ్లు. తాతల నాడు ఏరు దాటి వచ్చారట, అయినా అందరూ ఇప్పటికీ అవతలివాళ్లనే అంటారు. టైలరమ్మ ఆస్పత్రి నర్సులకి యూనిఫారాలు కుడుతుంది. కోరాగుడ్డ మొదటి ఉతుక్కే కుంచించుకుపోతుంది కనుక కత్తిరించకముందే పెద్ద గంగాళంలో ఉడకబెడుతుంది. ఆ వాసన అదోరకంగా ఉంటుంది. సోమవారం, గురువారం ఆస్పత్రి మనుషులిద్దరు మూటలు తెచ్చి, కుట్టినవి మూటలు కట్టుకుని పోతారు. ముసలమ్మకి కళ్లకి ఆపరేషనయింది, వెలుతురు పడదని కిటికీకి నల్లగుడ్డ కట్టారు. ఆవిడ ఊరుకోదు. కూర తొక్కులన్నీ పెరట్లో గుంటలు తీసి పూడుస్తుంది, మొక్కలకి బలమని. మన చేతిపంపు ఆవిడ కొట్టలేదు, అందుకని తాగేనీళ్లు వీధి కుళాయి నుంచి తెచ్చుకుంటారు. మొన్న ఆదివారం వాళ్లింటికి పద్నాలుగు మంది వచ్చారు. ముసలమ్మ అన్నగారు పోతే పరామర్శకి. మెల్లగా మాట్లాడుకున్నారు, మనకి ఇబ్బంది కాకూడదని. బొంగరానికి లెక్కలు రావు. సాయంత్రాలు మన గుమ్మంలో కూచోబెట్టి, ఇంట్లో సామాన్లు చూపించి లెక్కపెట్టిస్తున్నాను. కుర్చీలు ఆరంటే ఏడంటుంది. ఏడోది ఏదే అంటే మీ బావని చూపిస్తుంది.

ఇలాంటివి నీకేం పనికొస్తాయో నాకు తెలీదు. మరదల్ని బరువులు ఎత్తనివ్వకు.

అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం బంగారం. బొంగరం బావని ఏడో కుర్చీ చేసిన సంగతి ఆఫీసులో చెబితే పిన్నిగారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

పై నుంచి కొత్త డైరెక్టరుగారొచ్చారు. సన్నగా, శుభ్రంగా ఉంటారు. బల్ల మీద ఒక్క కాగితం ఉండనివ్వరు. మొదటిరోజే నన్ను పిలిచి, “ఇల్లంటే గోడల లోపలిదేనా? వీధి ఇల్లు కాదా? దేశం ఇల్లు కాదా?” అన్నారు. నేను అవునండీ అన్నాను. అవునండీ కాక ఏమంటాం. ఉపన్యాసాలు ఎవరూ వినరట, ఆడవాళ్లకి రోజూ వాడుకలో ఉన్న మాటలతో చెబితే అవి ఇంట్లోకి వెళతాయట. బూజు, చెద, ఎలుక, పురుగు. నీ పప్పు చిట్కా రెండుసార్లు చదివించుకుని, “ఇందులో చాలా ఉందోయ్” అన్నారు. నాకు పప్పే కనిపించింది.

వెనక వాటావాళ్ల సంగతులు ఇంకా ఏవైనా ఉంటే రాయి. ఊరికే, రంగు కోసం. మన ఇళ్లకీ వాళ్ల ఇళ్లకీ తేడాలేవైనా కనిపిస్తే అవీ రాయి.

డాక్టరు అంతా బాగానే ఉందన్నాడు.

తమ్ముడు


మార్చి 6

తమ్ముడికి,

నిన్నటి ‘ఇల్లూ వాకిలీ’ విన్నాను. ఇప్పుడు వీధిలో అందరూ వింటున్నారు. మా ఇంట్లో రేడియో పెద్దది కనుక మేష్టారి భార్య, పాలావిడ ఇక్కడికే వస్తారు. అవతలివాళ్లని గుర్తుపట్టడానికి తొమ్మిది గుర్తులు చెప్పారు పిన్నిగారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. వాళ్లు గంగాళాల్లో ఏదో ఉడికిస్తారు, అది తిండి కాదు. కిటికీలకి నల్లగుడ్డలు కడతారు. మనం తాగే నీళ్లు తాగరు, ఎందుకో ఆలోచించండి. పెరట్లో తవ్వుతారు, పూడుస్తారు. మూటలు వస్తాయి, మూటలు పోతాయి. గుంపుగా చేరి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. వాళ్ల పిల్లలు మీ గుమ్మంలో కూర్చుని మీ సామాన్లు లెక్కపెడతారు. రాకపోకలు వెనక గుమ్మంలోంచి. డబ్బాల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. చివర్న పప్పులో పురుగు సంగతి చెప్పి ముగించారు.

పాలావిడ చెంబు కింద పెట్టి, “అమ్మగారూ, మీ వెనకవాళ్లు కూడా ఏదో ఉడికిస్తారు కదండీ?” అంది.

“గుడ్డలు” అన్నాను.

“గుడ్డలెవరైనా ఉడికిస్తారా? ఉతుక్కుంటారు గాని.”

“నీకెందుకే, నీ పాలల్లో నీళ్లెన్నో ముందు చెప్పు” అంది మేష్టారి భార్య. నవ్వాం. తర్వాత ఆవిడే, “అయినా వదినగారూ, మీరు అన్నీ రాసిపెట్టుకుంటారుగా, ఓసారి చూడకూడదూ?” అంది.

చూశాను. ఈ కార్యక్రమం వేరే ఊరివాళ్ల గురించి కావచ్చు. కాని రాసింది నువ్వు, విచారించకుండా రాయవు. ఒక్కో గుర్తూ పుస్తకంతో పోల్చాను. తొమ్మిదిలో ఏడు సరిపోయాయి, తేదీలతో సహా. వెనక గుమ్మం సరిపోలేదు, వాళ్లకున్నది ఒకటే గుమ్మం. డబ్బాలూ సరిపోలేదు, వాళ్లింట్లో ఉన్నవే మూడు, దేని మీదా ఏమీ లేదు.

ఏడింటికీ కారణాలు నాకు తెలుసు. అయితే ఆ కారణాలు నేను కళ్లారా చూసినవా, ఒకరు చెబితే విన్నవా అని మళ్లీ చూసుకున్నాను. గంగాళం ఉడకడం నేను చూశాను. ఎందుకు ఉడుకుతోందో టైలరమ్మ చెప్పింది. పద్నాలుగు మంది రావడం చూశాను. ఎవరో పోయారని ముసలమ్మ చెప్పింది. అన్నీ అలాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ రెండూ ఒకే గడిలో రాస్తున్నాను. ఇలా చేయకూడదు.

మధ్యగోడ పలచన కనుక మా రేడియో వాళ్లకీ వినిపిస్తుంది. సాయంత్రం టైలరమ్మ వచ్చి గుమ్మంలో నుంచుంది. మెళ్లో టేపు తీయడం కూడా మరిచిపోయింది.

“అక్కా, అది మీ తమ్ముడుగారే కదా రాసేది? ఒక్కసారి అడగరూ, మా గురించి ఇవన్నీ ఎవరు చెప్పారో.”

అడుగుతానన్నాను. అడుగుతున్నాను. ఎవరు చెప్పారో రాయి.

అక్క


మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు డైరెక్టరుగారు నా బల్ల పక్కనే ఉన్నారు. చేతిలోంచి తీసుకుని చదివేశారు. తర్వాత అందర్నీ పిలిచి ఆ పేరా పైకి చదివారు. “తొమ్మిదిలో ఏడు! తేదీలతో సహా! ఇదయ్యా విచారణంటే” అన్నారు. మధ్యాహ్నానికి నన్ను పర్మనెంటు చేస్తున్నట్టు కాగితం ఇచ్చారు. నీ మరదలు ఆ కాగితాన్ని అద్దం అంచున దోపింది.

ఎవరు చెప్పారని అడిగావు. పేర్లు చెప్పకూడదని ఆఫీసు నియమం. ఒక గృహిణి. చాలా నమ్మకస్తురాలు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం రాయని మనిషి. అంతవరకు చెప్పగలను.

నీతో ఒక మాట. అవి రాసినప్పుడు అందులో ఏదో ఉందని నేను అనుకోలేదు. వాక్యాలు కాస్త బిగించాను, అంతే. కాని నువ్వు పోల్చి చూసి సరిపోయాయన్నాక నాకే అనుమానం పట్టుకుంది. తెలియకుండానే నిజం రాశానేమో. నువ్వు పొరపడే మనిషివి కాదు కదా.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడికి,

పాప పుట్టిందని కార్డు అందింది. ఎన్నింటికి పుట్టిందో రాయలేదు. రాయి.

ఇక్కడి సంగతులు వరసగా రాస్తాను. ఎనిమిదో తేదీ వార్డు ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. అవతలివాళ్లకి ఇల్లు అద్దెకిచ్చిన ప్రతి ఒక్కరూ నింపాలి. మూడు గడులు. గుర్తు, ఉందా లేదా, చూసిన తేదీ. గుర్తులు అచ్చువేసే ఉన్నాయి, నీ తొమ్మిదీ. తప్పు రాస్తే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని కింద ఉంది.

ఆ రోజే టైలరమ్మ ఒక తెల్లకాగితం తెచ్చింది. వీళ్లు మంచివాళ్లు, రెండేళ్లుగా నాకు తెలుసు అని రాసి సంతకం పెట్టమంది. మీ బావ, “పెట్టెయ్, పోయేదేముంది?” అన్నారు. మంచివాళ్లని నాకెలా తెలుసో రాయాలిగా, ఆలోచించి రాస్తానన్నాను. ఆ కాగితం నాలుగు రోజులు నా పుస్తకంలో ఉంది. నీ ఉత్తరంలో ఆ గృహిణి ఒక్క అబద్ధం రాయని మనిషని ఉంది. అలాంటి మనిషి ఊరికే రాస్తుందా అనుకున్నాను. సంతకం పెట్టలేదు.

ఫారం మాత్రం గడువులోగా నింపాలి కనుక నింపాను. ఏడింటికి ఉంది, రెండింటికి లేదు. తేదీలు వేశాను. కారణం రాయడానికి గడి లేదు. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఒక్కోదాని పక్కన రాశాను, ‘గుడ్డ కుంచించుకుపోకుండా, అని చెప్పింది’ ఇలాగ. పన్నెండో తేదీ తీసుకెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

“అమ్మా, మార్జిన్ ఖాళీగా ఉండాలండీ. అక్కడ చిల్లు వేసి ఫైల్లో గుచ్చుతాం. ఇంకో ఫారం ఇస్తాను, సాపు కాపీ రాసివ్వండి.”

అక్కడే కూర్చుని సాపు కాపీ రాసిచ్చాను. మార్జిన్ వదిలి. “ఇంత చక్కటి దస్తూరీ ఈ నెలలో చూడలేదు” అన్నాడు.

పద్దెనిమిదో తేదీ గురువారం పదిన్నరకి వ్యాను వచ్చింది. దిగినతను కాగితం చూస్తూ, “ఎన్ని?” అన్నాడు. “మూడు” అన్నాను. ముగ్గురు అనాలి. మూడు అన్నాను.

మనిషికి ఒక మూట. ముసలమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ తనే ఎక్కింది. బొంగరం ఎప్పుడూ లేనిది కదలకుండా నుంచుంది. టైలరమ్మ నా దగ్గరికి వచ్చి, “అక్కా, కుట్టినవన్నీ చీటీలు గుచ్చి పెట్టాను. ఎవరివి వాళ్లకి ఇచ్చెయ్యండి. మేష్టారి భార్యగారి జాకెట్టుకి హుక్కులు కుట్టాలి, అవొక్కటే మిగిలాయి” అంది. సరేనన్నాను. వీధిలో అందరూ గుమ్మాల్లో ఉన్నారు. పదకొండు కావస్తోందని లోపలికి వెళ్లి రేడియో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. పెట్టే వేళ అయింది.

మధ్యాహ్నం ఇద్దరు వచ్చి వాళ్ల వాటాలో పురుగుల మందు చల్లారు. రెండు రోజులు కిటికీలు తీయొద్దన్నారు. పరుపు మీద, మిషను మీద, కోరాగుడ్డ మీద తెల్లటి పొడి ఉంది. హుక్కులు నేనే కుట్టి ఇచ్చాను.

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

ఇది ఆఫీసులో రాయడం లేదు. ఆస్పత్రి మెట్ల మీద కూచుని రాస్తున్నాను. నీ మరదలూ పాపా లోపల నిద్రపోతున్నారు. పాప పుట్టింది పోయిన ఆదివారం పొద్దున ఆరూ పదికి. కార్డులో రాయడం మరిచాను గాని, నువ్వు అడుగుతావని చూసి పెట్టుకున్నాను.

ఆ గృహిణివి నువ్వే. తొమ్మిది గుర్తులూ నీ జనవరి ఉత్తరంలోవి. గంగాళం, నల్లగుడ్డ, మూటలు, గుంటలు, అన్నీ. పరామర్శకి వచ్చినవాళ్లని గుంపు అన్నది నేను. బొంగరం లెక్కలు నేర్చుకోవడాన్ని సామాన్లు లెక్కపెట్టడమన్నది నేను. నువ్వు పోల్చి చూసింది నీ ఉత్తరాన్ని నీ పుస్తకంతోనే. సరిపోకేం చేస్తుంది?

మార్చిలోనే చెప్పాల్సింది. డైరెక్టరుగారు అందరి ముందూ మెచ్చుకుంటున్నారు, కాగితం చేతిలో పెట్టారు, జేబులో పెట్టుకుని వచ్చేశాను. తర్వాత నన్ను నేనే నమ్మించుకున్నాను. ఇప్పుడు ఆ గుర్తులు ఫారాల్లో అచ్చవుతున్నాయని విన్నాను. నీ దగ్గరికొస్తే దేనికీ ఉందని రాయకు. ఆ అమ్మాయికి ఏ కాగితం కావాలన్నా సంతకం పెట్టివ్వు.

ఈ ఉత్తరం అందిన వెంటనే చింపెయ్.

తమ్ముడు


ఏప్రిల్ 26

తమ్ముడికి,

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం ఇరవై నాలుగున అందింది. నేను అదే తేదీన వేసింది నీకు ఈపాటికి అంది ఉంటుంది. చింపమన్నావు, చింపలేదు. నేను ఏ ఉత్తరమూ చింపను.

పంపే ప్రతి ఉత్తరానికీ నా దగ్గర నకలు ఉంటుంది. జనవరి పదిహేడుది తీసి చదివాను. నువ్వు చెప్పింది నిజమే. ఏడు కాదు, తొమ్మిదీ అందులో ఉన్నాయి. సరిపోలేదనుకున్న రెండూ మన ఇంటివి. వెనక గుమ్మం మీ బావది. అంకెల డబ్బాలు నావి. పోల్చేటప్పుడు వాళ్ల వాటాకే వెళ్లి చూశాను. ఇటు చూడాలని తోచలేదు.

మీ బావకి చెప్పాను. లేచి వీధి తలుపు రెండు చేతులతో పట్టుకుని లాగారు. అది వచ్చింది. నడుం పట్టేసింది.

నిన్న వార్డు ఆఫీసుకి వెళ్లాను. అదే గుమాస్తా. మళ్లీ కుర్చీ వేశాడు. ఫారం వెనక్కి కావాలన్నాను.

“ఏమమ్మా, అందులో జరగనిది ఏదైనా రాశారా?”

“లేదు.”

“గంగాళం ఉడకలేదా?”

“ఉడికింది. అందులో ఉన్నవి గుడ్డలు.”

“గుడ్డలు కాదని ఫారంలో లేదు కదమ్మా. ఉడికిందనే ఉంది. ఉడికింది. ఇంకేం?”

వాళ్లెక్కడున్నారని అడిగాను. పరిశీలనలో ఉన్నారన్నాడు. ఎక్కడ పరిశీలన అంటే, అది తన సెక్షను కాదన్నాడు. పట్టుకెళ్లిన రోజు నుంచి పదిహేను రోజుల్లోగా ఇంటి యజమాని అభ్యంతరం రాసిస్తే తిరిగి చూస్తారట. మే మూడు ఆఖరు. కాని ఒక్క యజమాని రాస్తే పై నుంచి తోసేస్తున్నారని, రేడియో చెప్పిన గుర్తులకి రేడియోనే వేరే మాట చెబితే తప్ప ఎవరూ వినరని తనే చెప్పాడు. చెడ్డవాడు కాదు.

అందుకని ఇది. దీని వెనక గుచ్చిన కాగితంలో తొమ్మిదీ మళ్లీ రాశాను. ఒక్కో వాక్యంలో ముందు సగం జరిగింది, వెనక సగం ఎందుకు జరిగింది. ఇప్పుడు చెప్పగా విన్నవి కావు. ఆస్పత్రికి వెళ్లి స్టోరుకీపరుని అడిగాను, గుడ్డ ఉడికించమన్నది తామేనని రాసిచ్చాడు. మూటల చీటీలు చూపించాడు. కంటి డాక్టరు దగ్గర ముసలమ్మ కాగితం ఉంది. గుంటలు నేనే తవ్వి చూశాను, మట్టీ, కుళ్లిన తొక్కులూ తప్ప ఏమీ లేవు. పోయిన పెద్దాయన పేరు శ్మశానం రిజిస్టరులో ఉంది. బొంగరం సంగతికి సాక్షిని నేనే. చివరి రెండూ నా ఇంటివని కూడా రాశాను. నా సంతకం పెట్టాను. వార్డు ఆఫీసులో ఒక కాపీ ఇచ్చాను.

దీన్ని పిన్నిగారి చేత చదివించు. మే మూడులోగా. నీ ఉద్యోగం పోవచ్చని తెలుసు. పాప పుట్టిన ఇల్లని కూడా తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను. గురువారం మే రెండున నాలుగిళ్లవాళ్లనీ రేడియో వినడానికి రమ్మన్నాను.

అక్క


ఏప్రిల్ 30

అక్కా,

నీ కాగితం డైరెక్టరుగారికి ఇచ్చాను. చేత్తో ఇచ్చాను. ఉన్నదున్నట్టు చదవాలని నోటితో అడిగాను కూడా. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తీయలేదు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం విప్పారింది. “గృహిణి స్వయంగా, సంతకంతో! ఇన్నాళ్లూ ఎక్కడున్నారీవిడ!” అన్నారు. ఎర్రపెన్సిలు తీసుకుని ఒక్కో వాక్యానికీ మధ్యన గీత పెట్టారు. ముందు సగాలు ఉంచారు. చివరి రెండు వాక్యాలూ మొత్తం కొట్టేశారు.

నేను వద్దన్నాను. “నిడివి అయిదు నిమిషాలోయ్, అంతా ఎలా పడుతుంది?” అన్నారు. చాలా మామూలుగా అన్నారు.

పిన్నిగారిని బతిమాలాను. “నా ముందు పెట్టింది చదువుతాను బాబూ, నాకూ ఇల్లుంది” అంది.

గురువారం రేడియో పెట్టకు. ఎవర్నీ రానివ్వకు.

తమ్ముడు


జూన్ 2

తమ్ముడికి,

నీ ఉత్తరం మే నాలుగు శనివారం అందింది. మేం గురువారమే విన్నాం.

గదిలో పదకొండు మంది ఉన్నారు. నేను ముందే చెప్పాను, ఇవాళ నా ఉత్తరం చదువుతారు, చివరిదాకా వినండని. పిన్నిగారు బాగా చదివింది. నా వాక్యాలే. ఒక్క మాట మార్చలేదు. “గంగాళంలో ఉడకడం నా కళ్లతో చూశాను.” “పెరట్లో గుంటలు నా చేతులతో తవ్వి చూశాను.” అక్కడ ఆగింది. ప్రతిదాని తర్వాతా ఇంకా ఉంది, ఇంకా ఉంది అని నేను అంటూనే ఉన్నాను. “ఉష్, వినపడనివ్వండి వదినగారూ” అంది మేష్టారి భార్య. అయిపోయాక అందరూ నా వైపు తిరిగారు. పాలావిడ నా చేతులు పట్టుకుని, “ఈ చేతులతో తవ్వారా తల్లీ” అని ఏడ్చింది. మిగతా సగం నేను నోటితో చెప్పాను. నకలు తీసి చదివాను కూడా. మర్యాదగా విన్నారు. బయటికి వెళుతూ మేష్టారి భార్య మీ బావతో, “బెదిరించారేమో పాపం, జాగ్రత్తగా చూసుకోండి అన్నయ్యగారూ” అంది.

మే మూడున ఆఫీసు తీయకముందే వెళ్లాను. గుమాస్తా ఫైలు తెరిచి చూపించాడు. అందులో నేనిచ్చిన అభ్యంతరం లేదు. రేడియో నుంచి వచ్చిన టైపు కాగితం ఉంది. “మీ ఉత్తరం ప్రసారమయింది కదమ్మా, అదే అసలుదని పైవాళ్లు దాన్ని పెట్టారు” అన్నాడు. నా కాపీ అడిగితే, ఒకే మనిషివి రెండు వాంగ్మూలాలు ఉండకూడదన్నాడు. ఆ సాయంత్రం కేసు మూసేశారు. ఎక్కడికి పంపారో ఇప్పటికీ తెలీదు. పదిహేడు ఆఫీసులకి రాశాను. నాలుగు జవాబులొచ్చాయి. నాలుగింట్లోనూ నా సహకారానికి కృతజ్ఞతలు చెప్పారు.

వెనక వాటా తుడిచాను. పొడి నేల పగుళ్లలోంచి ఇంకా వస్తోంది. మిషను మీద గుడ్డ కప్పాను. అద్దెకిస్తారా అని ముగ్గురు అడిగారు. లేదన్నాను.

నీకు ఇంక సంగతులు రాయకూడదనుకున్నాను. రాస్తే ఏమవుతుందో తెలుసు. కాని ఇది నీకు తెలియాలి. పోయిన వారం మేష్టారి భార్య, ఇంకో నలుగురు కొత్త నోటుపుస్తకాలు పట్టుకుని వచ్చారు. నాలాగా రాయడం నేర్పమన్నారు. ఇప్పుడు చూడవలసింది అవతలివాళ్లని కాదట, వాళ్లతో మెలిగినవాళ్లనట. పొమ్మందామనుకున్నాను. పొమ్మంటే ఇంకెవరి దగ్గరో నేర్చుకుంటారు. అందుకని కూర్చోబెట్టి అయిదు పుస్తకాల్లోనూ నేనే స్కేలు పెట్టి గీతలు గీశాను. ఇల్లు, ఏం జరిగింది, తేదీ. నాలుగో గడి అన్నిటికన్నా వెడల్పుగా గీసి పైన ‘ఎందుకు’ అని రాశాను. అది నింపకుండా పేజీ తిప్పకూడదని చెప్పాను. తలలూపారు.

నిన్న మేష్టారి భార్య తన పుస్తకం చూపించడానికి తెచ్చింది. ఎనిమిది పేజీలు రాసింది. దస్తూరీ బాగుంది. నాలుగో గడి మొదటి పేజీ నుంచీ ఖాళీ.

“ఇది వదిలేశారేం?” అన్నాను.

“అదే అడుగుదామని వచ్చాను వదినగారూ” అంది. “ఈ గడి తీసేస్తే పేజీకి ఇంకో ఇల్లు పడుతుంది కదా?”

అక్క